మొదటి ప్రపంచ యుద్ధం: ఫిరంగిని వదిలేసి చెప్పే కథలు

ఆర్టిలరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి, కాబట్టి ఫిరంగి మీద కాస్త పక్షపాతం ఉంటుంది. అయినా లెక్కలు నా వైపే ఉన్నాయి.

అపోహ: ఎక్కువమందిని చంపింది మెషిన్ గన్.

వాస్తవం: పశ్చిమ రంగంలో, అంటే ఫ్రాన్స్, బెల్జియంలలో జర్మన్లతో పోరు సాగిన చోట, చచ్చినవాళ్ళలో, గాయపడ్డవాళ్ళలో సగానికి పైగా ఫిరంగి గుండ్లకు బలైనవాళ్ళే. సినిమాలో మెషిన్ గన్ బాగుంటుంది, కిలోమీటర్ల వెనక నుంచి కాల్చే ఫిరంగి కెమెరాకి చిక్కదు. అసలు మలుపు 1897లో ఫ్రాన్స్ చేసిన 75 మి.మీ. ఫిరంగి. అంతకుముందు గుండు పేలినప్పుడల్లా ఫిరంగి మొత్తం వెనక్కి జరిగేది. దాన్ని ముందుకు తోసి, మళ్ళీ గురి చూసుకోవాలి. ఇందులో గొట్టం ఒక్కటే వెనక్కి జారి, నూనె, గాలి ఒత్తిడితో మళ్ళీ తన చోటికి వచ్చేస్తుంది. గురి చెదరదు. నిమిషానికి 15 గుండ్లు! ఈ లెక్కన కాలిస్తే ఫ్యాక్టరీలు అందుకోగలవా? 1915లో గుండ్ల కొరత బ్రిటన్ ప్రభుత్వాన్నే కుదిపేసింది. ఆయుధ సామగ్రికి విడిగా ఒక మంత్రిత్వ శాఖ పెట్టి రాజకీయ నేత లాయిడ్ జార్జ్‌కి అప్పగించారు.

అపోహ: గుండ్లు కురిపిస్తే చాలు, గెలిచినట్టే.

వాస్తవం: ఫ్రాన్స్‌లో సోమ్ నది దగ్గర దాడికి ముందు వారం రోజుల్లో బ్రిటిష్ ఫిరంగులు 15 లక్షలకు పైగా గుండ్లు కాల్చాయి. దాడి మొదలైన 1916 జులై 1న ఒక్కరోజే చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, ఆచూకీ లేనివాళ్ళు కలిపి బ్రిటిష్ సైన్యానికి 57,470 మంది నష్టం, అందులో 19,240 మంది చనిపోయారు. తేలికపాటి ఫిరంగులు కాల్చినవి ఎక్కువగా ష్రాప్‌నెల్, అంటే గాల్లో పేలి సీసపు గోళీలు చల్లే రకం. లోతైన నేలమాళిగల్లో ఉన్న జర్మన్లను అవేం చేస్తాయి? ముళ్ళకంచె చాలాచోట్ల తెగలేదు. హడావిడిగా చేసిన గుండ్లు బోలెడన్ని పేలనేలేదు.

అపోహ: విషవాయువు యుద్ధాన్ని మార్చేసింది.

వాస్తవం: భయాన్ని పెంచింది, అంతే. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్లు క్లోరిన్ వాయువు వదిలారు. నాలుగు రోజులకే బ్రిటిష్ ఇండియన్ ఆర్మీకి చెందిన మన లాహోర్ డివిజన్ కూడా సరైన మాస్కుల్లేకుండా దాన్ని ఎదుర్కొంది. మంచి మాస్కులు వచ్చాక వాయువుతో యుద్ధం గెలవడం ఎవరికీ కుదరలేదు.

అపోహ: ఫ్రాన్స్‌లోని కాంబ్రేలో బ్రిటిష్ దాడి అంతా ట్యాంకుల ఘనతే.

వాస్తవం: కంచెను తొక్కి దారి చేసింది అవే, ఆ క్రెడిట్ ఇవ్వాల్సిందే. కానీ 1917 నవంబర్ 20న, మొదటి రోజే, 179 ట్యాంకులు ఆగిపోయాయి. సగానికి పైగా వాటంతట అవే చెడిపోయినవి, గోతుల్లో పడ్డవి. ఆ రోజు కొత్తదనం ఫిరంగులది. అంతకుముందు గురి సరిచూసుకోవడానికి ముందుగా కొన్ని గుండ్లు కాల్చేవాళ్ళు, దాంతో దాడి రాబోతోందని శత్రువుకి తెలిసిపోయేది. కాంబ్రేలో వెయ్యి ఫిరంగులు అలాంటి ట్రయల్ లేకుండా ఒక్కసారిగా మొదలుపెట్టాయి. సర్వే మ్యాపు, గాలి వేగం, ఉష్ణోగ్రత, గొట్టం అరుగుదల, అన్నీ ముందే లెక్కగట్టారు. శత్రువు ఫిరంగి మోత వరసగా పెట్టిన మైక్రోఫోన్లలో ఒక్కోదానికి ఎంత తేడాతో చేరిందో కొలిచి, ఆ ఫిరంగి ఎక్కడుందో పట్టేసేవాళ్ళు. ఆ పని నడిపిన లారెన్స్ బ్రాగ్‌కి అప్పటికే, 25 ఏళ్ళకే, ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చింది.

1918 ఆగస్టు 8న ఫ్రాన్స్‌లోని అమియెన్స్ దగ్గర బ్రిటిష్ వాళ్ళు దాడి చేసినప్పుడు, జర్మన్ల 530 ఫిరంగుల్లో 504 ఎక్కడున్నాయో దాడికి ముందే మ్యాపు మీద గుర్తించి పెట్టుకున్నారు. బ్రిటిష్ ట్యాంకులు అక్కడా 400కి పైగా వచ్చాయి. ఐదో రోజుకి పోరాడే స్థితిలో మిగిలినవి ఆరు.