మీ లైబ్రరీలోని కోహాకు ఇంకా సపోర్టు ఉందా? అపోహలు – వాస్తవాలు

తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో కాలేజీ లైబ్రరీలు పుస్తకాల జారీకీ, కేటలాగుకీ ఇప్పుడు కోహానే వాడుతున్నాయి. న్యూజిలాండ్‌లోని హోరోవెనువా లైబ్రరీ ట్రస్టు కోసం తయారై, 2000 జనవరిలో పనిలోకి వచ్చిన ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పేరుకు మావోరీ భాషలో కానుక అని అర్థం. కాలేజీల కోహా సర్వర్లను చూసుకోవడం నా వృత్తి. "మీది ఏ వెర్షన్ అండీ?" అని అడిగితే లైబ్రేరియన్లు చాలామంది నంబరు చెప్పగలుగుతారు. ఆ వెర్షన్‌కు సపోర్టు ఎప్పటివరకు ఉందని అడిగితే మాత్రం మౌనమే సమాధానం, ఎందుకంటే ఆ సంగతి వారు రోజూ చూసే తెర మీద ఎక్కడా కనిపించదు.

అపోహ: బాగానే పనిచేస్తోంది కాబట్టి సపోర్టు ఉన్నట్టే.

బార్‌కోడ్ చదువుతోంది, పుస్తకాలు జారీ అవుతున్నాయి, ఫైన్ లెక్క సరిపోతోంది. ఇవన్నీ సపోర్టు ముగిసి ఐదేళ్లయిన వెర్షన్‌లో కూడా జరుగుతాయి. సపోర్టు ఉండడమంటే, కొత్తగా బయటపడిన లోపాన్ని ఆ వెర్షన్‌లో సరిచేసి మనకు అందించే మనిషి ఒకరు ఉండడం. ఓపెన్ సోర్స్‌లో సవరించిన కోడ్ అందరికీ కనిపిస్తుంది. కాబట్టి భద్రతాలోపం ఒకటి కొత్త వెర్షన్లలో సరిచేసిన రోజునే, ఆ సవరణ అందని పాత వెర్షన్లలో అది ఎక్కడుందో వెతికేవారికి తెలిసిపోతుంది. మన ఓపాక్, అంటే విద్యార్థులు పుస్తకాలు వెతుక్కునే ఆన్‌లైన్ కేటలాగు, ఇంటర్నెట్‌లో తెరిచి ఉంటుంది, దాని వెనకే విద్యార్థుల పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు ఉంటాయి.

అపోహ: అన్ని ప్యాకేజీలూ తాజాగా ఉన్నాయని సర్వరే చెబుతోంది.

నేను చూసినవాటిలో ఎక్కువ మందిని మోసం చేసింది ఇదే. ఒక డిగ్రీ కాలేజీలో సిస్టమ్స్ చూసుకునే అబ్బాయి ప్రతి నెలా క్రమం తప్పకుండా ఆప్ట్ అప్‌డేట్, ఆప్ట్ అప్‌గ్రేడ్ అనే ఆదేశాలు, అంటే సర్వర్‌లోని సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను తాజా చేసేవి, నడిపేవాడు. "ఇదిగోండి సార్, అప్‌డేట్ చేయడానికి ఏమీ లేదంటోంది" అని నాకు తెర చూపించాడు. ప్యాకేజీలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో రాసి ఉండే కోహా డాట్ లిస్ట్ ఫైలు తెరిచి చూస్తే, ఉన్న ఒక్క వరుసలో 19.11 అని ఉంది. అంటే ఆ సర్వర్ ప్రతిసారీ 19.11 సిరీస్‌లో, అంటే 19.11తో మొదలయ్యే వెర్షన్లలో, కొత్తది ఏమైనా వచ్చిందా అని మాత్రమే అడుగుతోంది. ఆ సిరీస్ మూతపడి చాలా కాలమైంది కాబట్టి, లేదనే జవాబే ఎప్పుడూ వస్తోంది. ప్రచురణ ఆగిపోయిన పత్రికకు రావలసిన సంచికలు ఏవీ లేవని రిజిస్టరులో రాసుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. ఆ అబ్బాయి శ్రద్ధలో లోపం ఏమీ లేదు, ఆ వాక్యమే అసలు సంగతిని దాచిపెట్టింది.

ఆ ఫైలులో నంబరు స్థానంలో స్టేబుల్ అనే మాట, అంటే ఇప్పుడు వాడుకకు సిద్ధమైన తాజా సిరీస్, పెడితే ఈ చిక్కు ఉండదు, కానీ దానితో ఇంకొకటి వస్తుంది. కొత్త సిరీస్ స్టేబుల్ అయ్యాక, మామూలు నెలవారీ అప్‌డేట్ అనుకుని నడిపిన రోజునే మీ కోహా మొత్తంగా కొత్త సిరీస్‌కు మారిపోవచ్చు. అది పరీక్షల ముందు పుస్తకాల వాపసు జరిగే వారంలో కాకుండా చూసుకోవాలి. అందుకే నేను నంబరే పెట్టి, గడువు తేదీని విడిగా రాసిపెడతాను.

అపోహ: పెద్ద నంబరున్న వెర్షన్‌కే ఎక్కువ కాలం సపోర్టు ఉంటుంది.

కోహా కొత్త సిరీస్ ఏటా మే, నవంబరు నెలల్లో విడుదలవుతుంది. 23.05 అంటే 2023 మే నెలది. మామూలు సిరీస్‌కు సుమారు ఏడాదిన్నర సపోర్టు ఉంటుంది. అయితే 22.11 సిరీస్‌ను దీర్ఘకాలిక సపోర్టుకు, అంటే ఎల్‌టీఎస్‌గా ఎంచుకున్నారు. అందువల్ల దాని తరువాత ఆరు నెలలకు వచ్చిన 23.05 ముందే ముగిసిపోయింది, ఆ తరువాత కూడా 22.11 సవరణలు అందుకుంది. నంబర్ల వరుసలో పట్టిక వేసి, ఒక గీత గీసి, దీని కింద ఉన్నవన్నీ పాతవని చూపించడం ఈ కారణంగానే తప్పు. ప్రతి సిరీస్ పక్కన దాని తేదీ ఉండాలి.

2015 నవంబరులో 3.22 వచ్చాక, 2016 మేలో నేరుగా 16.05 వచ్చింది. మధ్యలో వెర్షన్లేవీ తప్పిపోలేదు, నంబర్లు వేసే పద్ధతి మారింది, అంతే.

అపోహ: మా సిరీస్‌కు సపోర్టు ఉంది, ఇక చింత లేదు.

సపోర్టు సిరీస్‌కు ఉంటుంది, కానీ అది మీ సర్వర్‌కు చేరేది నెలనెలా వచ్చే నిర్వహణ విడుదలల ద్వారానే. 22.11.00 పెట్టుకుని అక్కడే ఆగిపోయినవారికి ఆ సిరీస్ ఎల్‌టీఎస్ అయినా ఒరిగేదేమీ లేదు. స్టాఫ్ ఇంటర్‌ఫేస్‌లో అబౌట్ కోహా పేజీ తెరిచి మూడో అంకెను చూడండి. రెండో అంకె 06 లేదా 12 అయితే అది ఇంకా తయారీలో ఉన్న వెర్షన్, లైబ్రరీలో వాడవలసినది కాదు.

అపోహ: వెర్షన్ మారిస్తే తెలుగు రికార్డులు పోతాయి.

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఏళ్ల తరబడి ఒక్కొక్క పుస్తకాన్నీ చేత్తో ఎక్కించినవారి భయమిది. కోహా అప్‌గ్రేడ్ డేటాబేస్‌ను తుడిచిపెట్టదు, మధ్యలోని వెర్షన్ల మార్పులన్నిటినీ వరుసగా దానికి వర్తింపజేస్తుంది. పోయే ప్రమాదం ఉన్నది ఎవరో నేరుగా కోహా ఫైళ్లలోకి వెళ్లి చేసిన మార్పులకు. సిస్టమ్ ప్రిఫరెన్సుల ద్వారా చేసినవి డేటాబేస్‌లోనే ఉంటాయి. అయినా వెనక్కి వెళ్లే దారి లేదు కాబట్టి, కోహా డంప్ అనే ఆదేశంతో బ్యాకప్ తీసి, దాన్ని వేరే కంప్యూటర్‌లో పెట్టి, అక్కడ ఒకసారి అప్‌గ్రేడ్ చేసి, పది తెలుగు శీర్షికలు వెతికి చూశాకే అసలు సర్వర్‌ను ముట్టుకోవాలి.

అపోహ: సపోర్టు లేదని ఎర్ర రంగులో చూపిస్తే చాలు.

రంగు నలుపు తెలుపు ప్రింటులో కనిపించదు, రంగులు గుర్తించలేనివారికీ కనిపించదు. ఈఓఎల్ (ఎండ్ ఆఫ్ లైఫ్, అంటే సపోర్టు ముగిసింది) అనే పొట్టి మాట కౌంటర్‌లో కూర్చునేవారికి ఏమీ చెప్పదు. నేను చూసుకునే లైబ్రరీలన్నిటిలో కోహాలోని న్యూస్ సదుపాయం వాడి, స్టాఫ్ మొదటి పేజీలో నాలుగు వరుసలు తెలుగులో పెడుతున్నాను: మన సిరీస్ ఏది, చివరి అప్‌డేట్ ఏ తేదీన జరిగింది, సపోర్టు ఏ నెలతో ముగుస్తుంది, అప్పటికి ఎవరికి ఫోన్ చేయాలి. గత ఏడాది ఒక ప్రభుత్వ కాలేజీకి బదిలీపై వచ్చిన లైబ్రేరియన్ గారు చేరిన రోజునే ఆ నాలుగు వరుసలు చదివి, "ఇంకా రెండు నెలలే ఉందట కదండీ, ఎప్పుడు వస్తారు?" అని ఫోన్ చేశారు. దసరా సెలవుల్లో వెళ్లి ఆ పని పూర్తిచేశాం.