పిస్టల్ పిడి, అవిసె నూనె, విశాఖ గాలి

మా మేనకోడలు పది మీటర్ల ఎయిర్ పిస్టల్ షూటింగ్ నేర్చుకుంటోంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పిస్టల్. దాని పిడి వాల్‌నట్ చెక్కది. వానాకాలంలో ఓ రోజు పెదవాల్తేరులో మా ఇంటికి తెచ్చి, "మావయ్యా, ఇది వంకర తిరిగింది చూడు" అంది. నిజమే. ఇనుమూ చెక్కా కలిసే చోట వెంట్రుకంత సందు, మర చుట్టూ నల్లటి మచ్చ. పైన వార్నిష్ మాత్రం తళతళలాడుతోంది. పిస్టల్ ఖాళీగా ఉందని చూసుకుని, మర విప్పి, పిడిని వెనక్కి తిప్పితే అసలు సంగతి తెలిసింది. లోపలి వైపు ఉత్త చెక్క. ఎవరో కనబడే వైపే పూసి ఊరుకున్నారు.

చెట్టు కొట్టేసి ఎన్నేళ్లయినా చెక్క తేమ తాగడం మానదు. దాని కణాల గోడల్లోని సెల్యులోజ్‌కి నీరంటే అంత ఇష్టం. గాలిలో తేమ 80 శాతం ఉంటే ఎండు చెక్క తన బరువులో 16 శాతం దాకా నీరు పట్టుకుంటుంది. ఏసీ గదిలో తేమ 50 శాతానికి దిగితే అది 9 శాతానికి పడిపోతుంది. అంటే బీచ్ రోడ్డు మీంచి గదిలోకి వచ్చిన చెక్క కూడా మనలాగే సర్దుకుంటూ ఉంటుంది, కాకపోతే నెమ్మదిగా. పొడవునా దాదాపు పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. ఒకవైపు వార్నిష్, రెండోవైపు ఏమీ లేకపోతే ఆ ఉబ్బు ఒకవైపే ఎక్కువ. ఎండలో అప్పడం వంకర తిరగడం చూశాం కదా, అదే లెక్క.

నల్ల మచ్చ కథ వేరు. వాల్‌నట్‌లో టానిన్లనే వగరు పదార్థాలుంటాయి. చెమట తడికి మర నుంచి కరిగిన ఇనుము వాటితో కలిస్తే నలుపు పుడుతుంది. పూర్వం కరక్కాయలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపి సిరా కాచింది ఈ రసాయనంతోనే.

ఉప్పు కాగితంతో వార్నిష్ గీకేశాను. ఇనుముకి ఆనే అంచుల జోలికి మాత్రం పోలేదు, అక్కడ అరిగితే ఆ సందు మళ్లీ పూడదు. తర్వాత అవిసె నూనె. పూర్ణా మార్కెట్‌లో లిన్‌సీడ్ ఆయిల్ అని అడిగితే ఇచ్చారు. ఇది ఆరడమంటే తడిబట్ట ఆరినట్టు కాదు. ఇందులోంచి ఆవిరయ్యేది దాదాపు ఏమీ లేదు. నూనె గాలిలోని ఆక్సిజన్ని పీల్చుకుని, అణువుకి అణువు ముడిపడి, గట్టి పొరవుతుంది. అందుకే ఆరేకొద్దీ బరువు పెరుగుతుంది కూడా. వంటింట్లో సన్‌ఫ్లవర్ నూనె డబ్బా మూత చుట్టూ జిగురు పేరుకుంటుందే, అది ఈ పనే, సగంలో ఆగినది. కొబ్బరినూనె పూస్తే ఏళ్లు గడిచినా నూనెగానే ఉంటుంది. దాని కొవ్వుల్లో ఆక్సిజన్‌కి పట్టు దొరకదు.

ఈ ముడిపడేటప్పుడు వేడి పుడుతుంది. చెక్క మీది పల్చని పూతలో అది తెలియదు. అదే నూనె గుడ్డని ఉండచుట్టి మూల పడేస్తే వేడి పోయే దారి లేక, అగ్గిపుల్ల గీయకుండానే అంటుకోవచ్చు. నేను గుడ్డల్ని నీళ్లలో ముంచి, విడివిడిగా పరిచి ఆరబెట్టాను. మా ఆవిడ నవ్వింది, నవ్వనీ.

నిజం చెప్పాలంటే తేమని ఆపడంలో నూనె అంత గట్టిది కాదు. లక్క పాలిష్ దానికంటే చాలా నయం, కానీ అది స్పిరిట్‌లో కరుగుతుంది. శానిటైజర్ రాసుకున్న చేత్తో పట్టుకుంటే పాలిష్ చేతికే అంటుతుంది. పాలియురేతేన్ వార్నిష్‌కి ఆ బాధ లేదు గానీ చెమట చేతిలో జారుతుంది. అందుకే నూనెకే ఓటేశాను, అన్ని వైపులా సమానంగా. చెక్క కోత కనిపించే చివర్లు స్ట్రాల కట్టలా పీలుస్తాయి కాబట్టి అక్కడ రెండు పూతలు ఎక్కువ.

నాలుగో పూత వేసి వారమైంది. గోటితో నొక్కితే ఇంకా ముద్ర పడుతోంది. బయట ముసురు. మేనకోడలు రోజూ ఫోన్ చేసి "అయిందా మావయ్యా?" అంటోంది. ఇంకో వారం ఆగమన్నాను.