తాతయ్య చాకు ఎవరు చేశారు?

గుంటూరు బ్రాడీపేటలో తాతయ్య ఇల్లు ఖాళీ చేస్తుంటే ఇనప్పెట్టె అడుగున ఆయన మడత చాకు దొరికింది. తెల్లటి పిడి, రెండు బ్లేడ్లు. పొగాకు బేళ్ల పురికొస కోసింది దాంతోనే, ఎండాకాలం సాయంత్రాలు మాకు మామిడికాయ ముక్కలు కోసి ఉప్పూకారం అద్ది ఇచ్చిందీ దాంతోనే. పెద్ద బ్లేడు తుప్పు పట్టిందని బాబాయి దాన్ని సాన పట్టే చోట ఇచ్చాడు. చక్రం మీద మెరుగు పెట్టించుకుని అద్దంలా తిరిగొచ్చింది. చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. ఆ చాకు ఎవరు చేశారో చెప్పే ముద్ర ఆ తుప్పు కిందే ఉండాలి మరి.

పాత చాకు చేతికొస్తే ముందు చూడాల్సింది పదును కాదు. బ్లేడు తెరవండి. పదును ఆగిపోయిన చోటికీ పిడికీ మధ్య వేలిగోరంత జాగా ఉంటుంది. తయారుచేసినవాళ్ల పేరు, ఊరు, గుర్తు అన్నీ అక్కడే. అరిగిపోయి కనిపించకపోతే గరుకు కాగితం జోలికి పోవద్దు. చీకటి గదిలో టార్చిని పక్కనుంచి, బ్లేడుకు దాదాపు ఆనించి వెయ్యండి. గుంటల్లో నీడ పడి అక్షరాలు పైకి లేస్తాయి. అమరావతి స్తూపం రాళ్ల మీద అరిగిన బ్రాహ్మీ అక్షరాలు మిట్టమధ్యాహ్నం కంటే సాయంత్రపు ఏటవాలు ఎండలో బాగా కనిపించేదీ ఇందుకే.

పెద్ద బ్లేడు మీద టార్చి వేసి అరగంట చూశాను. చివర ఒక గీత తప్ప ఏమీ లేదు.

అరగదీసిన అక్షరాలను తిరిగి రప్పించే పద్ధతి ఒకటి ఉంది. తుపాకుల మీద చెరిపేసిన నంబర్లను ఫోరెన్సిక్ ల్యాబుల్లో ఇలాగే చదువుతారు. చల్లటి ఉక్కు మీద అచ్చు దెబ్బ పడితే పైన గుంట పడటంతో ఆగదు, కింద ఉన్న లోహపు రేణువులు కూడా నలిగిపోతాయి. పైన ఎంత గీకేసినా ఆ నలుగుడు లోపల మిగులుతుంది. దాని మీద ఆమ్లంలో కలిపిన రాగి క్లోరైడు పూస్తే నలిగిన చోటు చుట్టుపక్కల కంటే వేరుగా స్పందించి అంకె తేలుతుంది. చాకుకి ఈ వైద్యం పనిచేయడం కష్టం. చాకు మీద ముద్ర సాధారణంగా ఉక్కు మెత్తగా ఉన్నప్పుడే కొడతారు. ఆ తర్వాత బ్లేడును సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి, ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరుస్తారు. ఆ వేడికి నలిగిన రేణువులు కరగకుండానే తమను తాము కొత్తగా పేర్చుకుంటాయి. దెబ్బ తాలూకు జ్ఞాపకం చాలావరకు అక్కడే పోతుంది. ఇక మిగిలేది పైనున్న గుంట ఒక్కటే. అదీ అరిగిపోతే మరి దారి లేదు.

అదృష్టం ఏమిటంటే చిన్న బ్లేడు తుప్పుకి బిగుసుకుపోయి తెరుచుకోలేదు కాబట్టి సానవాళ్ల చేతికి చిక్కలేదు. కుట్టుమిషన్ నూనె రోజుకి రెండు చుక్కలు కీలు దగ్గర వేస్తూ పోయాను. నాలుగో రోజు కదిలింది. పాత నూనెగుడ్డతో మెల్లిగా రుద్దితే, పక్కవెలుగులో ముందు ఒక నక్షత్రం, దాని పక్కన మాల్టీస్ శిలువ, అంటే చివరలు చీలిన నాలుగు చేతుల శిలువ, కనిపించాయి.

ఆ జంట గుర్తు ఇంగ్లండులోని షెఫీల్డ్ ఊళ్లో జోసెఫ్ రాడ్జర్స్ కంపెనీది. అక్కడి కత్తులవాళ్ల సంఘం 1624లో చట్టం ద్వారా ఏర్పడింది, ఎవరి గుర్తు ఎవరిదో రాసిపెట్టేది ఆ సంఘమే. ఈ గుర్తు 1682లో నమోదైంది. రాడ్జర్స్ పేరును పోలిన పేర్లతో నకళ్లు బాగా వచ్చాయి కాబట్టి పేరు ఒక్కటే చూసి నమ్మకూడదు, గుర్తు కూడా కలవాలి. వేరే ఊళ్లకు వేరే గుర్తులున్నాయి. జర్మనీ సోలింగెన్‌లో హెంకెల్స్ వాళ్ల కవలల బొమ్మ 1731 నాటిది. విక్టోరినాక్స్ అని ఉంటే 1921 తర్వాతిదే, ఎందుకంటే యజమాని తల్లి పేరు విక్టోరియాకి, తుప్పు పట్టని ఉక్కు అని చెప్పే 'ఇనాక్స్' చేరింది ఆ ఏడాదే.

శిలువ కింద కిరీటం, దానికి అటూఇటూ జి, ఆర్ అక్షరాలు. జి అంటే జార్జి, ఆర్ అంటే లాటిన్‌లో రాజు లేదా రాణి. అంటే జార్జి రాజు. ఏ జార్జి? ఈ కంపెనీకి రాజాస్థానం గుర్తింపు వచ్చింది నాలుగో జార్జి కాలంలో, 1822లో. తర్వాత విక్టోరియా రాణి ఉన్నంతకాలం, 1837 నుంచి 1901 దాకా, వి, ఆర్ ఉండాలి. మళ్లీ జార్జిలు 1910 నుంచి 1952 వరకు. ఈ రెండింటిలో ఏదో తేల్చింది అడుగున ఉన్న 'ఇంగ్లండ్' అనే చిన్న మాట. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో మెకిన్లీ సుంకాల చట్టంతో పట్టుబట్టింది. చాకుల మీద దేశం పేరు మామూలైంది ఆ తర్వాతే. కాబట్టి తాతయ్య చాకు 1910కి ముందుది కాదనుకోవచ్చు. తన పెళ్లినాటికే అది ఆయన జేబులో ఉందని నాన్నమ్మ చెబుతుంది. పెళ్లి 1941లో.

ఉక్కు కూడా దీనికి ఎదురు చెప్పలేదు. తుప్పు పట్టని ఉక్కును షెఫీల్డ్‌లోనే హ్యారీ బ్రియర్లీ 1913లో తయారుచేశాడు. చాకుల్లోకి అది వచ్చాక కూడా చాలామంది పాత కార్బన్ ఉక్కునే ఇష్టపడ్డారు. తేడా తెలుసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు, పచ్చి మామిడికాయ చాలు. కాయలోని పులుపు కొద్దిగా ఇనుమును కరిగిస్తుంది, దానికి వగరు కలిసి బ్లేడూ ముక్కా నల్లబడతాయి. మా ఇంట్లో కత్తిపీట మీద అరటికాయ నల్లబడేదీ ఇందుకే. స్టెయిన్‌లెస్ మీద ఆ నలుపు రాదు. తాతయ్య కోసిచ్చిన ముక్కల అంచున ఎప్పుడూ నల్లటి గీత ఉండేది, కారం అద్దినా కనిపించేది.

పిడి ఏనుగు దంతమని ఇంట్లో అందరి నమ్మకం. భూతద్దం పెడితే సన్నటి నల్ల చుక్కలు, పొట్టి గీతలు కనిపించాయి. అవి ఎముకలో ఒకప్పుడు రక్తనాళాలు నడిచిన దారులు. దంతంలో అవి ఉండవు. పిడి పశువు ఎముకదే. దంతమైతే అమ్మడం, కొనడం మన దేశంలో నేరం కూడా.

ఇప్పుడు చిన్న బ్లేడుకి నూనె రాసి, పొడిగుడ్డలో చుట్టి పెట్టాను. పెద్ద బ్లేడు మీద మిగిలిన ఆ ఒక్క గీతను చిన్నదాని పక్కన పెట్టి చూశాను. అది మాల్టీస్ శిలువలో ఒక చెయ్యి.