జింకలు చూపించి ఫీజు అడగండి: పెన్సిల్వేనియా వేట లైసెన్సు వెనుక కథ

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్థానికులు వేటకు వెళ్లాలంటే కొనాల్సిన సాధారణ లైసెన్సు ధర చివరిసారి గట్టిగా పెరిగింది 1999లో. అప్పటిదాకా 12.75 డాలర్లు ఉన్నది ఒక్కసారిగా 20 అయింది. తర్వాత చిల్లర చార్జీలు కలుస్తూ 20.97 దగ్గర ఆగిపోయింది. 1999 నాటి 20 డాలర్లు 2024 ధరల్లో 37 డాలర్ల పైమాటే. జీతాలు, పెట్రోలు, తూటాలు అన్నీ పెరిగాయి, ఈ ఫీజు మాత్రం కదల్లేదు. పెంచుదామన్న మాట వచ్చిన ప్రతిసారీ గొడవ జరగడమే అందుకు కారణం.

బయటివాళ్లకు ఇది పది, పదిహేను డాలర్ల తగాదాలా కనిపిస్తుంది. వందేళ్ల చరిత్ర చూస్తే మాత్రం, డబ్బు కట్టేవాళ్లు తమను ఆ అడవికి భాగస్వాములుగా భావించుకోవడం దగ్గర ఈ గొడవ మొదలైందని తెలుస్తుంది. మా డబ్బుతో నడిచే శాఖ మాకు లెక్క చెప్పాలి, మా మాట వినాలి అంటారు వాళ్లు. అందులో చాలా న్యాయం ఉందనే నా అభిప్రాయం.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట దాదాపు ఆగిపోయింది. లైసెన్సు మీద వేటకు అనుమతించే సెక్షన్లను 1991 సవరణ తీసేసింది. అటవీ శాఖ జీతాలు ప్రభుత్వ బడ్జెట్ నుంచి వస్తాయి. అందుకే వేటగాళ్లు కట్టే డబ్బుతో వన్యప్రాణులను కాపాడే శాఖ నడుస్తుందంటే మనకు నమ్మబుద్ధి కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మాత్రం జరిగేది అదే. వేటనూ వన్యప్రాణులనూ చూసే పెన్సిల్వేనియా గేమ్ కమిషన్‌కు ప్రజల సాధారణ పన్నుల్లోంచి వాటా రాదు. లైసెన్సులు, కేంద్రం నుంచి వచ్చే తుపాకుల పన్ను వాటా, సొంత భూముల్లో కలప, గ్యాస్ మీద ఆదాయం, వీటితోనే నెట్టుకురావాలి.

ఈ పద్ధతి ఒక విధ్వంసం తర్వాత పుట్టింది. 19వ శతాబ్దంలో రైళ్లు వచ్చాక అడవి మాంసం నగరాల్లో పెద్ద వ్యాపారమైంది. అడ్డూ అదుపూ లేకుండా చంపారు. కోట్ల సంఖ్యలో ఎగిరిన ప్యాసింజర్ పావురాల జాతిలో చివరిది 1914లో సిన్సినాటి జూలో చనిపోయింది. 1900 నాటికి దేశం మొత్తం మీద తెల్లతోక జింకలు 5 లక్షల దాకా మాత్రమే మిగిలాయని అంచనా. పెన్సిల్వేనియాలోనైతే జింక కనిపించడమే అరుదైంది. 1895లో గేమ్ కమిషన్ ఏర్పడింది. 1906 నుంచి వేరే రాష్ట్రాల జింకలను కొని తెచ్చి అడవుల్లో వదిలారు. 1907లో ఆడ జింకలను చంపకూడదని చట్టం చేశారు. 1913లో లైసెన్సు మొదలైంది, ధర ఒక్క డాలరు. అదే ఏడాది యెల్లోస్టోన్ జాతీయ పార్కు నుంచి ఎల్క్ అనే పెద్ద జింకలను రైల్లో తెప్పించారు. 1919లో లైసెన్సు డబ్బుతో భూములు కొనే అధికారం వచ్చింది, మరుసటి ఏడాదే మొదటి కొనుగోలు జరిగింది. అలా కూడిన స్టేట్ గేమ్ ల్యాండ్స్ ఇప్పుడు సుమారు 15 లక్షల ఎకరాలు. అందులో ఎవరైనా నడవవచ్చు, పక్షులను చూడవచ్చు.

1937లో ఇంకో ముడి పడింది. సెనేటర్ కీ పిట్‌మన్, ప్రతినిధుల సభ సభ్యుడు విల్లిస్ రాబర్ట్‌సన్ పేర్ల మీద వచ్చిన చట్టం ప్రకారం రైఫిళ్లు, తూటాల మీద వసూలయ్యే 11 శాతం కేంద్ర పన్ను రాష్ట్రాల వన్యప్రాణి పనులకు వెళ్తుంది. ఖర్చులో మూడు వంతులు కేంద్రం ఇస్తుంది, నాలుగో వంతు రాష్ట్రం పెట్టుకోవాలి. ఏ రాష్ట్రానికెంత అన్నది సగం దాని విస్తీర్ణాన్ని బట్టి, సగం అక్కడ డబ్బు కట్టి లైసెన్సు తీసుకున్నవాళ్ల సంఖ్యను బట్టి తేలుతుంది. అన్నిటికంటే ముఖ్యమైన షరతు, లైసెన్సు డబ్బును ఇంకో పనికి మళ్లించకూడదు. ఈ షరతు వల్లే వేటగాళ్లకు ఒక భరోసా కుదిరింది. వాళ్ల డబ్బుతో దాదాపు దేశమంతటా జింకలు, టర్కీ కోళ్లు తిరిగొచ్చాయి. వేటతో సంబంధం లేని బాల్డ్ ఈగిల్ అనే గద్దను 1980లలో కెనడా నుంచి దాని పిల్లలను తెచ్చి పెంచి మళ్లీ పెన్సిల్వేనియాకు రప్పించింది కూడా ఈ కమిషనే.

మరి ఇంత మంచి పద్ధతి మీద కోపం ఎందుకు వచ్చింది? దానికి సమాధానం ఆడ జింక దగ్గర ఉంది.

1907 చట్టం తర్వాత తరతరాలుగా ఇక్కడి పిల్లలు నేర్చుకున్నది కొమ్ములున్న మగ జింకనే కొట్టాలని, ఆడదాన్ని వదిలేయాలని. జింకలు విపరీతంగా పెరిగాయి. అడవిలో మొక్క మొలిస్తే చాలు తినేసేవి, పాత చెట్ల కింద కొత్త చెట్టు లేచేది కాదు. రైతుల పంటలూ పోయేవి. 2000 ప్రాంతంలో కమిషన్ జింకల సంఖ్యను తగ్గించాలని నిర్ణయించుకుంది. గ్యారీ ఆల్ట్ అనే జీవశాస్త్రవేత్త రాష్ట్రమంతా తిరిగి, కిక్కిరిసిన సభల్లో వేటగాళ్లకు నచ్చజెప్పే ప్రయత్నం చేశారు. ఆడ జింకల వేట పెంచారు. 2002లో చిన్న కొమ్ముల మగ జింకలను కొట్టకూడదని కొత్త నిబంధన పెట్టారు. ఆ సీజన్‌లో రికార్డు స్థాయిలో 5 లక్షల 17 వేల జింకలు వేటలో పడ్డాయి.

ఆ తర్వాతే అసలు టెన్షన్ మొదలైంది. పోటర్, టియోగా, మెక్‌కీన్ లాంటి ఉత్తరాది కౌంటీల్లో పెద్ద అడవులు, వాటి మధ్య కుటుంబాలు తరతరాలుగా వాడుకునే వేట క్యాంపులు ఉంటాయి. 2018 దాకా, నవంబరు చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి సోమవారం తుపాకీ సీజన్ మొదలయ్యేది, ఆ రోజు చాలా స్కూళ్లకు సెలవే. తాతలు మనవళ్లను వెంటబెట్టుకుని వెళ్లే పండగ అది. అలాంటి చోట రోజంతా కూర్చున్నా జింక కనపడని సీజన్లు వచ్చాయి. అడవి ఆరోగ్యం కోసం, భవిష్యత్తు కోసం అని శాస్త్రవేత్తలు చెప్పారు. శాస్త్రం వాళ్ల పక్షానే ఉంది. కానీ పదేళ్ల మనవడిని చలిలో కూర్చోబెట్టి ఉత్త చేతులతో ఇంటికి తెచ్చిన తాతకు ఆ మాట రుచించలేదు. ఆల్ట్ 2004 చివర్లో ఉద్యోగం వదిలేశారు. యూనిఫైడ్ స్పోర్ట్స్‌మెన్ ఆఫ్ పెన్సిల్వేనియా అనే వేటగాళ్ల సంఘం జింకల విధానం మీద కోర్టుకు కూడా వెళ్లింది. సరిగ్గా ఇలాంటి రోజుల్లో కమిషన్ ఫీజు పెంచాలని అడిగింది. జింకలను మీరే లేకుండా చేశారు, ఇప్పుడు ఎక్కువ డబ్బు ఎందుకివ్వాలి అని వేటగాళ్లు ఎదురు ప్రశ్నించారు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఫీజు ఎంతో నిర్ణయించేది కమిషన్ కాదు, రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్‌లోని చట్టసభ. వేటగాళ్ల ఓట్లు ఉన్న గ్రామీణ నియోజకవర్గాల సభ్యులు పెంపు మీద చేతులెత్తడానికి ఇష్టపడరు. ఫీజు నిర్ణయించుకునే అధికారం గేమ్ కమిషన్‌కే ఇవ్వాలన్న బిల్లులు గట్టెక్కలేదు. చేపల వేట చూసే కమిషన్‌కు 2020లో అలాంటి అధికారం ఇచ్చారు, అదీ పరిమితులతోనే.

దారి మూసుకుపోయిన కమిషన్ పక్కదారి చూసుకుంది. వేట కోసం వదిలే ఫెజెంట్ పక్షులను పెంచే తన నాలుగు ఫారాల్లో రెండు మూసేసింది. 2017లో ఫెజెంట్ పక్షుల వేటకు విడిగా పర్మిట్ పెట్టింది, దాని ధర సాధారణ లైసెన్సు కంటే ఎక్కువ. సాధారణ లైసెన్సుకు తోడు విల్లుకు, గొట్టంలో మందు కూరి పేల్చే పాతకాలపు తుపాకీకి, ఎలుగుబంటికి, ఆడ జింకకు, ఫెజెంట్‌కు వేరువేరుగా కొంటే మొత్తం 100 డాలర్లు దాటుతుంది. కాబట్టి ఇరవై డాలర్లే కదా అని తేలిగ్గా అనడం సరికాదు. ఇద్దరు పిల్లలతో వేటకు వెళ్లే మెకానిక్‌కు, పెట్రోలు ఖర్చూ తూటాల ఖర్చూ కూడా కలిపి లెక్కేస్తే అది బరువే.

రాష్ట్రం కింద మార్సెల్లస్ షేల్ అనే రాతి పొర నుంచి సహజవాయువు తీయడం మొదలయ్యాక అనుమానాలు ఇంకా ముదిరాయి. గేమ్ ల్యాండ్స్ కింద గ్యాస్ లీజుల వల్ల కమిషన్‌కు పెద్ద మొత్తాలు వచ్చాయి. 2019లో రాష్ట్ర ఆడిటర్ జనరల్ తనిఖీలో ఎస్క్రో (విడిగా పక్కన పెట్టిన) ఖాతాల్లో కోట్ల డాలర్లు ఉన్న సంగతి, రాయల్టీల లెక్కను సరిగా సరిచూసుకోకపోవడం బయటపడ్డాయి. డబ్బు పెట్టుకుని మమ్మల్ని ఎందుకడుగుతున్నారని వేటగాళ్లు నిలదీశారు. గ్యాస్ ఎప్పటికీ ఉండదు, దాని మీద జీతాలు నడపలేం అని అధికారులు అన్నారు. రెండూ నిజమే. కానీ లెక్కలు ముందే బల్ల మీద పెట్టి ఉంటే ఈ అపనమ్మకం ఇంత పెరిగేది కాదు.

వేటగాళ్లంతా పెంపును వ్యతిరేకిస్తారనుకుంటే పొరపాటు. ఒక పెట్టె రైఫిల్ తూటాలకే 20 డాలర్ల పైన పెడుతున్నాం, ఏడాదంతా అడవిని వాడుకోవడానికి ఇంకో పది ఇస్తే ఏమవుతుంది అనేవాళ్లు చాలామందే ఉన్నారు. కొలరాడోలో స్థానికుల ఫీజు 2005 తర్వాత చాలా ఏళ్లు పెరగలేదు. 2018లో అక్కడ చట్టం చేసి పెంచి, ఇకమీదట ధరల సూచీతో పాటు మారేలా ముడిపెట్టినప్పుడు వేటగాళ్ల సంఘాలే దాన్ని బలపరిచాయి. డబ్బు దేనికి వాడతారో ముందే చట్టంలో రాయడం అక్కడ పనిచేసింది.

బయటి రాష్ట్రాల వాళ్ల మీద భారం వేయడమైతే అన్నిచోట్లా సులువు, వాళ్లకు అక్కడ ఓటు లేదు కదా. మోంటానాలో 1976లో స్థానికుడు ఎల్క్ వేటకు 9 డాలర్లు కడితే, బయటివాడు పలు జంతువులకు కలిపి ఇచ్చే 225 డాలర్ల కాంబినేషన్ లైసెన్సు కొనాల్సి వచ్చేది. 1978లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తేడా చెల్లుతుందని తీర్పిచ్చింది. ఇప్పుడు అక్కడ బయటివాడి లైసెన్సు వెయ్యి డాలర్లు దాటింది.

ఫీజు పెంచినా లోతైన సమస్య తీరదు. కట్టేవాళ్లే తగ్గిపోతున్నారు. 1980ల మొదట్లో పెన్సిల్వేనియాలో 13 లక్షల దాకా ఉన్న లైసెన్సులు తర్వాత 9 లక్షల చుట్టుపక్కలకు పడిపోయాయి. ఉన్నవాళ్లలో పెద్ద వయసువాళ్లు ఎక్కువ. 65 ఏళ్లు నిండితే 50 డాలర్ల చిల్లరతో జీవితకాల లైసెన్సు దొరుకుతుంది, ఆ తర్వాత ఏటా వచ్చే డబ్బు ఆగిపోతుంది. పెద్దల పట్ల గౌరవంతో పెట్టిన మంచి సదుపాయమే. ఒక పెద్ద తరమంతా ఒకేసారి ఆ వయసుకు వచ్చేసరికి కమిషన్ ఆదాయానికి అది గండి అయింది.

మిగతా ప్రజలు ఏం కడుతున్నారన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. పిట్స్‌బర్గ్ పక్కన పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి గుడికి కారులో వెళ్లే తెలుగు కుటుంబాలకు రోడ్డు మీదికి దూకే జింకల భయం బాగా తెలుసు. ఆ జింకల సంఖ్యను అదుపులో పెట్టే పనికి డబ్బిస్తున్నది ఎక్కువగా వేటగాళ్లేనని మాత్రం వాళ్లలో చాలామందికి తెలియదు. మనవాళ్లలో కొందరు వేరే కారణంగా ఈ లెక్కలోకి వస్తున్నారు. హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండకూడదన్నది అమెరికా కేంద్ర చట్టం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే అందులో మినహాయింపు ఉంది. అందుకోసమే లైసెన్సు తీసుకునేవాళ్ల డబ్బు కూడా అదే ఖాతాకు చేరుతుంది.

మిస్సోరీ 1976లోనే దీనికో దారి చూపించింది. అక్కడి ఓటర్లు ప్రతి 8 డాలర్ల కొనుగోలు మీద ఒక సెంటు వన్యప్రాణులకు ఇచ్చేలా అమ్మకపు పన్నుకు ఒప్పుకున్నారు. దేశం మొత్తానికి వన్యప్రాణుల కోసం ఏటా 130 కోట్ల డాలర్లు ఇచ్చే బిల్లు 2022లో ప్రతినిధుల సభ దాటి సెనేట్‌లో ఆగిపోయింది.

భారం అందరూ పంచుకుంటే వేటగాళ్లు సంతోషిస్తారని అనుకుంటాం. కానీ చాలామందిలో ఒక భయం ఉంది. అందరూ డబ్బు కడితే అందరికీ మాట ఉంటుంది, వేట ఇష్టంలేని వాళ్లకూ ఉంటుంది. కొలరాడోలో 2024 నవంబరులో పర్వత సింహాల వేటను నిషేధించాలని ప్రజల ఓటుకు పెట్టినప్పుడు ఆ భయం ఎంత నిజమో కనిపించింది. ప్రతిపాదన ఓడిపోయింది కానీ పది మందిలో నలుగురికి పైగా నిషేధం వైపే ఓటేశారు. పెన్సిల్వేనియాలో ప్రజలు నేరుగా చట్టం మీద ఓటేసే పద్ధతి లేదు. అక్కడ గేమ్ కమిషన్ సభ్యులను గవర్నరు నియమిస్తారు, సెనేటు ఆమోదిస్తుంది. ఆ కుర్చీల్లో తమవాళ్లే ఉండాలంటే ఫీజు తామే కడుతూ ఉండాలని నమ్మే వేటగాళ్లు, పెంపు మాట వచ్చినప్పుడు ఒకప్పటిలా గట్టిగా వద్దనలేకపోతున్నారు.