అథీన్ గొడవ తెలియాలంటే 1991కి వెళ్లాలి

డాలస్‌లో ఉంటున్న మా పెద్దమ్మ కొడుకు మొన్న ఫోన్ చేసి, "యాన్యుటీ మీద వడ్డీ బాగానే ఇస్తున్నార్రా, కానీ ఈ కంపెనీ పేరు నేనెప్పుడూ వినలేదు, వెనకెవరున్నారో కాస్త చూసి చెప్పు" అన్నాడు. యాన్యుటీ అంటే ఒకేసారి డబ్బు కట్టించుకుని తర్వాత నెలనెలా చెల్లించే బీమా పథకం. చూస్తే వెనకున్నది ఓ ప్రైవేట్ ఈక్విటీ సంస్థ, అంటే మదుపర్ల సొమ్ముతో కంపెనీలు కొని అమ్మే సంస్థ. అమెరికాలో ఇప్పుడిది మామూలే. బీమా కంపెనీల్లో అథీన్ అపోలో అనే పెట్టుబడి సంస్థది, గ్లోబల్ అట్లాంటిక్ కేకేఆర్‌ది, అమెరికన్ నేషనల్ బ్రూక్‌ఫీల్డ్‌ది. (మన అపోలో ఆసుపత్రులకీ ఈ అపోలోకీ చుట్టరికం ఏమీ లేదు.)

ఇప్పుడు కోర్టుల్లో నలుగుతున్నది పెన్షన్ల సంగతి. ఫోన్ల కంపెనీ ఏటీ అండ్ టీ 2023లో దాదాపు 96 వేల మంది పెన్షన్ బాధ్యతను, 800 కోట్ల డాలర్లకు పైమాటే, అథీన్‌కి అప్పగించింది. యుద్ధవిమానాలు చేసే లాక్‌హీడ్ మార్టిన్ కూడా అదే పని చేసింది. భద్రత చూడకుండా చవక చూసుకుని మమ్మల్ని అటు తోసేశారని రిటైరైనవాళ్లు 2024 మార్చిలో కేసులు వేశారు.

2008 సంక్షోభం, సున్నా వడ్డీలు, గిట్టుబాటు కాక పాత కంపెనీలు బీమా వ్యాపారాన్ని వదిలించుకోవడం, ఇవన్నీ చాలామంది రాసేశారు. నన్నడిగితే అసలు మలుపు అంతకు చాలా ముందే వచ్చింది, 1991 ఏప్రిల్‌లో.

కాలిఫోర్నియాలో స్కోషియా అనే చిన్న ఊరుంది, రెడ్‌వుడ్ కలప కోసే పసిఫిక్ లంబర్ వాళ్ల ఊరు. 1980ల మధ్యలో మ్యాక్సామ్ అనే కంపెనీ జంక్ బాండ్లతో (ముప్పూ వడ్డీ రెండూ ఎక్కువుండే అప్పు పత్రాలతో) అప్పు తెచ్చి పసిఫిక్ లంబర్‌ని కొనేసింది. ఆ బాండ్లు అమ్మిపెట్టింది డ్రెక్సెల్ అనే వాల్‌స్ట్రీట్ సంస్థ. కొన్నాక పెన్షన్ ఫండ్‌ని మూసేసి, అందులో మిగులుగా కనిపించిన 5 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము తీసేసుకుని, కార్మికుల పెన్షన్ల కోసం ఎగ్జిక్యూటివ్ లైఫ్ అనే బీమా కంపెనీలో యాన్యుటీ కొన్నారు. ఆ ఎగ్జిక్యూటివ్ లైఫ్ దగ్గరున్నవేమో డ్రెక్సెల్ అమ్మిన జంక్ బాండ్లే, మ్యాక్సామ్‌వి కూడా వాటిలో ఉన్నాయి. అంటే మిల్లు కొనడానికి అప్పిచ్చినవాడి చేతికే ఆ మిల్లు పనివాళ్ల ముసలితనం అప్పజెప్పారన్నమాట.

1991 ఏప్రిల్ 11న రాష్ట్ర బీమా కమిషనర్ జాన్ గారమెండి ఆ కంపెనీని స్వాధీనం చేసుకున్నాడు. యాన్యుటీ చెక్కుల్లో 30 శాతం కోత పడింది, నెలకి వెయ్యి డాలర్లు వచ్చే ఇంటికి ఏడొందలు. దాని జంక్ బాండ్లను, ముఖవిలువ దాదాపు 600 కోట్ల డాలర్లు, సుమారు 325 కోట్లకి క్రెడిట్ లియోనె అనే ఫ్రెంచి బ్యాంకు కొమ్మ ఒకటి కొనుక్కుంది. వాళ్లకి దారి చూపించినవాడు లియోన్ బ్లాక్, డ్రెక్సెల్ మూతపడ్డ 1990లోనే అపోలోని మొదలుపెట్టిన మనిషి. కొన్నాళ్లకే బాండ్ల ధరలు లేచాయి, లాభం కొన్నవాళ్లది, నష్టం పాలసీదారులది. ఆ ఒప్పందంలో అక్రమాలు బయటపడి ఫ్రెంచివాళ్లు 2003లో 77 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నారు. అపోలో మీద మాత్రం నేరం మోపలేదు, అదీ చెప్పాలి.

ఈ దెబ్బకే అమెరికా కాంగ్రెస్ 1994లో చట్టం చేసింది, మరుసటి ఏడాదే, అంటే 1995లో, పెన్షన్ అప్పగించేటప్పుడు దొరికేవాటిలో అత్యంత సురక్షితమైన యాన్యుటీనే ఎంచుకోవాలని కార్మిక శాఖ చెప్పింది. ఇప్పటి కేసులు ఈ మాటని పట్టుకునే నడుస్తున్నాయి. అపోలో నేర్చుకున్నది వేరు. బీమా సొమ్ము పదేళ్లూ ఇరవయ్యేళ్లూ కదలకుండా ఉంటుంది, దాన్ని ప్రైవేట్ అప్పుల్లో పెట్టి వడ్డీ తేడా తినొచ్చు, పైగా ఫీజులు. 2009లో బెర్ముడాలో అథీన్, 2013లో అవివా అనే బ్రిటిష్ బీమా కంపెనీ అమెరికా శాఖ కొనుగోలు, 2022కి అథీన్ పూర్తిగా అపోలోలో కలిసిపోయింది.

మా ఆస్తుల్లో ఎక్కువ భాగం మంచి గ్రేడువే, మాకు ఏ ప్లస్ రేటింగ్ ఉంది అంటుంది అథీన్. నిజమే. మునగడానికి ఏడాదిన్నర ముందు ఎగ్జిక్యూటివ్ లైఫ్‌కి కూడా గొప్ప రేటింగే ఉండేది. దాని న్యూయార్క్ శాఖ ముగింపు 2013లో, 22 ఏళ్లు సాగదీశాక, జరిగింది. ప్రమాదాల్లో దెబ్బతిని పరిహారం నెలనెలా అందుకుంటున్న దాదాపు 1,500 మందికి అప్పుడు కోత పడింది.

అల్యూమినియం కంపెనీ ఆల్కోవా రిటైరీలు వేసిన ఇలాంటి కేసును, మీకింకా నష్టం జరగలేదు కదా అని వాషింగ్టన్ కోర్టు 2025 మార్చిలో కొట్టేసింది. అదే నెలలో మేరీల్యాండ్ కోర్టు లాక్‌హీడ్ కేసును ముందుకు సాగనిచ్చింది. పెన్షన్ బీమా కంపెనీకి మారిన రోజే ఫెడరల్ గ్యారంటీ పోతుంది, ఆ తర్వాత దిక్కు రాష్ట్ర గ్యారంటీ సంఘమే, బీమా కంపెనీ మునిగితే ఓ పరిమితి దాకా అదే చెల్లిస్తుంది.

అన్నయ్యకి వెనకున్నదెవరో చెప్పి, టెక్సస్‌లో ఆ పరిమితి ఎంతో చూసుకోమన్నాను. యాన్యుటీకి రెండున్నర లక్షల డాలర్లు. తను పెట్టాలనుకున్నది మూడు లక్షలు.