పెద్ద బ్యాటరీ పెడితే డ్రిల్‌కి బలం ఎందుకొస్తుంది?

కార్డ్‌లెస్ డ్రిల్ బ్యాటరీ మీద 2 ఏహెచ్, 5 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఎంత చార్జ్ పడుతుందో చెప్పే లెక్క) అని ఉంటే మనం అనుకునేది ఒకటే, పెద్ద నంబర్ ఉన్నది ఎక్కువసేపు వస్తుందని. నిజమే, 18 వోల్టుల బ్యాటరీ అయితే ఆ 18ని 2తో గుణిస్తే 36 వాట్ అవర్ల శక్తి, 5తో గుణిస్తే 90. కానీ పెద్ద ప్యాక్ తగిలిస్తే లావు బిట్‌తో గోడలోకి దిగేటప్పుడు జోరు కూడా పెరుగుతుంది, అదే మోటారు, అవే 18 వోల్టులు, మరి ఈ బలం ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

2 ఏహెచ్ ప్యాక్‌లో మామూలుగా 5 లిథియం సెల్స్ వరసగా ఉంటాయి, ఒక్కోటి 3.6 వోల్టులు, మొత్తం 18 (ఫుల్ చార్జ్‌లో ఒక్కోటి 4 దాటుతుంది కాబట్టి కొందరు ఇదే ప్యాక్‌ని 20 వోల్ట్ మ్యాక్స్ అని అమ్ముతారు, దానికి పడిపోవద్దు). 5 ఏహెచ్ దాంట్లో చాలావరకు 10 సెల్స్, కరెంటుని పంచుకునేలా రెండేసి జతగా (పారలల్‌గా). ఏ సెల్‌కైనా లోపల కొంచెం రెసిస్టెన్స్ ఉంటుంది, 20 మిల్లీ ఓమ్‌లు అనుకుందాం, వరసగా ఐదుంటే 100. మోటారు గట్టిగా 30 ఆంప్స్ లాగిందంటే చిన్న ప్యాక్‌లో 3 వోల్టులు లోపలే పోతాయి, 90 వాట్లు ఉత్త వేడి, మోటారుకి దక్కేది 15 వోల్టులే. జతగా ఉన్న ప్యాక్‌లో ఒక్కో సెల్ మీద 15 ఆంప్సే పడతాయి, పోయేది 1.5 వోల్టు, వేడి 45 వాట్లు. అసలు కథ ఇదే. ఇంకోటి, వోల్టేజీ మరీ కిందికి జారితే లోపలి సర్క్యూట్ చార్జ్ ఉండగానే కట్ చేసేస్తుంది, బ్యాటరీ అయిపోయిందనుకుంటాం.

అలాగని ఏహెచ్ ఒక్కటే చూసినా లాభం లేదు, 21 మిల్లీమీటర్ల లావు, 70 పొడవు ఉండే 21700 సెల్స్ అయితే ఐదింటితోనే 4 ఏహెచ్ వస్తుంది, రెసిస్టెన్స్ కూడా తక్కువే ఉంటుంది.

చిన్న స్క్రూలు బిగించే పనికి మాత్రం మోటారు లాగేదే కొంచెం, అక్కడ పెద్ద ప్యాక్ అంటే చేతికి బరువు తప్ప ఏం లేదు, సీలింగ్ పని చేసేవాళ్లకి బాగా తెలుసు. గ్రైండర్, సర్క్యులర్ రంపం లాంటివాటికి చిన్న ప్యాక్ పెడితే కాసేపట్లో ప్యాక్ బాగా వేడెక్కి ఆగిపోతుంది, దాన్ని వెంటనే చార్జర్‌లో పెట్టినా చాలా చార్జర్లు చల్లారేదాకా ఎక్కించవు.