దువ్వెనకీ కాగితానికీ మధ్య

తల దువ్వుకుని, ఆ ప్లాస్టిక్ దువ్వెనని చిన్న చిన్న కాగితం ముక్కల దగ్గరికి తెస్తే అవి ఎగిరొచ్చి అతుక్కుంటాయి. చిన్నప్పుడు మనందరం చేసిందే. అప్పుడు మన కళ్లన్నీ కాగితం మీదే. నిజానికి చూడాల్సింది ఆ రెంటి మధ్యా ఉన్న ఖాళీని. దువ్వెన కాగితాన్ని తాకలేదు. మధ్యలో దారం లేదు. గాలి పనా అంటే అదీ కాదు, గాలి తీసేసిన గాజు పాత్రలోనూ ఈ ఆకర్షణ ఉంటుంది. మరి అంత దూరాన దువ్వెన ఉన్నట్టు కాగితానికి ఎలా తెలిసింది?

న్యూటన్‌ని కూడా వేధించిన ప్రశ్న ఇది. గురుత్వాకర్షణ సూత్రం ఇచ్చిన మనిషే, మధ్యలో ఏదీ లేకుండా ఒక వస్తువు ఎక్కడో ఉన్న ఇంకో వస్తువుని లాగుతుందంటే అది శుద్ధ అసంబద్ధమని 1693లో రిచర్డ్ బెంట్లీ అనే మతపండితుడికి ఉత్తరం రాశారు. 1785లో ఫ్రాన్స్‌లో కూలుంబ్, సన్నని తీగకు వేలాడే కడ్డీ ఎంత తిరిగిందో కొలిచి, విద్యుదావేశాల మధ్య, అంటే జుట్టుకి రాసుకున్న దువ్వెన మీద చేరేలాంటి వాటి మధ్య, బలాన్ని తేల్చారు. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతు, మూడింతలైతే తొమ్మిదో వంతు. లెక్క కుదిరింది. మధ్యలో ఏముందన్నది మాత్రం తేలలేదు.

దాన్ని పట్టుకున్నవారు మైకేల్ ఫారడే. లండన్‌లో పుస్తకాలు బైండింగ్ చేసే చోట పని నేర్చుకుంటూ, బైండింగుకి వచ్చిన పుస్తకాలే చదివి సైన్సులోకి వచ్చిన మనిషి. గణితం పెద్దగా రాదు. అందువల్లే కావచ్చు, సమీకరణాలు రాయడానికి బదులు ఆ ఖాళీ చోటునే ఊహలో చూశారు. ఆవేశం నుంచి నలువైపులకీ పరుచుకున్న బలరేఖలు ఆయనకు కనిపించాయి. ఆ చూపులోంచి వచ్చిందే విద్యుత్ క్షేత్రం. ఆవేశం దూరంగా ఉన్న దేన్నీ నేరుగా లాగదు. తన చుట్టూ ఉన్న చోటుని మార్చేస్తుంది. మరో ఆవేశం ఆ చోటికి వస్తే, దాన్ని తోసేదైనా లాగేదైనా అక్కడికక్కడ ఉన్న క్షేత్రమే.

క్షేత్రం అంటే మనకు పొలం కూడా. పైరున్నా లేకపోయినా పొలం పొలమే కదా. ఇదీ అంతే. కాగితం ముక్క ఉన్నా లేకపోయినా దువ్వెన చుట్టూ క్షేత్రం ఉంటుంది. ఆవేశాన్ని కొలిచే ప్రమాణం కూడా కూలుంబ్ పేరుతోనే ఉంది. ఒక కూలుంబ్ ఆవేశాన్ని అక్కడ పెడితే ఎంత బలం పడుతుందో, అదే ఆ చోట క్షేత్రం విలువ. దాన్నే మీటరుకి ఇన్ని వోల్టులు అని చెబుతారు. క్షేత్రం దిశ ధనావేశం నుంచి బయటికి, రుణావేశం వైపు లోపలికి. దువ్వెన మీద 1 కూలుంబ్‌లో పది కోట్లో వంతు ఆవేశం చేరిందనుకుందాం. అంటే జుట్టు నుంచి సుమారు 6 వేల కోట్ల ఎలక్ట్రాన్లు అదనంగా వచ్చి చేరినట్టు. దాన్ని ఒక బిందువుగా లెక్కగడితే 10 సెంటీమీటర్ల దూరంలో క్షేత్రం మీటరుకి 9,000 వోల్టులు. 5 సెంటీమీటర్ల దగ్గర 36,000. 20 సెంటీమీటర్లకి వెళ్తే 2,250 మాత్రమే.

ఇక్కడ ఒక చిక్కుంది. పాఠ్యపుస్తకాలు దీన్ని త్వరగా దాటేస్తాయి, నాకు మాత్రం ఈ ప్రయోగమంతటిలో ఇష్టమైన చోటు ఇదే. కాగితానికి ఆవేశం లేదు. దాంట్లో ధనావేశమూ రుణావేశమూ సరిసమానం. దువ్వెన ఒకదాన్ని ఎంత లాగితే రెండోదాన్ని అంతే తోసెయ్యాలి. మరి ముక్క కదలడమెందుకు? దువ్వెన క్షేత్రంలో కాగితంలోని అణువుల ఆవేశాలు రవంత సర్దుకుంటాయి. ధనావేశం దువ్వెన వైపు ఒక పిసరు జరుగుతుంది, రుణావేశం అవతలికి. ఇవతలి వైపు క్షేత్రం కాస్త ఎక్కువ, అవతలి వైపు కాస్త తక్కువ. కనుక లాగుడు తోపుడు మీద ఒక్క పిసరు గెలుస్తుంది, ముక్క లేస్తుంది. క్షేత్రం అంతటా ఒకే తీరుగా ఉంటే కాగితం అంగుళం కూడా కదలదు. దూరంతో పాటు క్షేత్రం పల్చబడటమే దాన్ని పైకి లేపింది. ఓపిగ్గా చూస్తే ఇంకోటి కనిపిస్తుంది. అతుక్కున్న ముక్కల్లో కొన్ని కాసేపటికి చటుక్కున ఎగిరి దూరంగా పడతాయి. దువ్వెనని తాకి దాని ఆవేశమే కాస్త తెచ్చుకున్నాయి, సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి.

ఇదంతా లెక్క కోసం కల్పించుకున్న బొమ్మ కాదా అంటే, కాదు. ఆవేశాన్ని కదిలిస్తే దాని క్షేత్రం అంతటా ఒక్కసారే మారదు. మార్పు కాంతి వేగంతో పాకుతుంది. 1865లో మాక్స్‌వెల్ సమీకరణాలు చెప్పిందిదే, 1887-88లో హెర్ట్జ్ ప్రయోగాలు చూపించిందిదే. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ యాంటెన్నాలో ఎలక్ట్రాన్లు ఊగితే, ఆ కదలిక భూమిని చేరడానికి దాదాపు 1.3 సెకన్లు పట్టింది. ఆ వ్యవధిలో ఆ శక్తి ల్యాండర్ దగ్గర లేదు, భూమి మీదా లేదు. మధ్యలోని ఖాళీలో, క్షేత్రాల్లో ఉంది. శక్తిని మోసేదాన్ని ఉత్త ఊహ అని ఎలా అంటాం?

ఆరుబయట నిలబడితే మనమూ క్షేత్రంలోనే ఉంటాం. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున నేల దగ్గర మీటరుకి సుమారు 100 వోల్టుల క్షేత్రం కిందికి చూస్తూ ఉంటుంది. భూమి ఉపరితలం మీద 4, 5 లక్షల కూలుంబ్‌ల రుణావేశం ఉండటమే దీనికి కారణం. అది గాలిలోంచి కొద్దికొద్దిగా కారిపోతూనే ఉంటుంది. ప్రపంచమంతటా ఉరిమే మేఘాలు దాన్ని తిరిగి నింపుతుంటాయి. మరి తలకీ పాదాలకీ మధ్య 170 వోల్టులు ఉండాలి కదా, షాక్ ఎందుకు కొట్టదు? మన ఒళ్లు వాహకం. నిలబడిన మరుక్షణమే ఒంట్లో ఆవేశాలు సర్దుకుని ఒళ్లంతా నేలతో ఒకే వోల్టేజికి వస్తుంది. క్షేత్రం మనని చుట్టుకుని పోతుంది. కాకపోతే తల పైన బలరేఖలు ఒత్తుగా గుమిగూడతాయి, అక్కడ క్షేత్రం పెరుగుతుంది.

తాటిచెట్టుకి జరిగేదీ ఇదే, ఇంకా పెద్ద ఎత్తున. ఉరిమే మేఘం కింద నేల దగ్గర క్షేత్రం మీటరుకి 10,000 వోల్టులకు చేరవచ్చు. పొడి గాలి విద్యుత్తుని ఆపే బంధకంగా ఉండలేక తెగిపోవడానికి మీటరుకి సుమారు 30 లక్షలు కావాలి. చదునైన పొలంలో ఒంటరిగా నిటారుగా ఉన్నదాని కొసన బలరేఖలు గుమిగూడి ఆ హద్దుని అందుకుంటాయి. మేఘం నుంచి దిగే మెరుపు దగ్గరపడేసరికి, ఎదురుగా కొసలోంచి ఒక నిప్పుపాయ పైకి లేస్తుంది. రెండూ కలిసిన చోట పిడుగు. వరి నాట్ల మధ్య నిలబడ్డ మనిషి కూడా ఆ చదునులో ఒక కొసే. మబ్బు కింద తల వెంట్రుకలు నిక్కబొడుచుకుంటున్నాయంటే క్షేత్రం ప్రమాదకరంగా పెరిగిందని అర్థం. చెట్టు కిందికి వెళ్లకూడదు. పక్కా ఇంట్లోకి గానీ, లోహపు కప్పున్న కారులోకి గానీ దూరి తలుపులు మూసుకోవాలి.

కారెందుకంటే, లోహపు గుల్లలో ఆవేశాలు సర్దుకుని బయటి క్షేత్రాన్ని లోపల రద్దు చేస్తాయి. ఫారడే 1836లో 12 అడుగుల పెట్టె కట్టించి, దానికి లోహపు తొడుగు వేయించి, యంత్రంతో దానికి ఆవేశం ఎక్కించారు. వెలిగించిన కొవ్వొత్తులూ, ఆవేశం తగిలితే రేకులు విచ్చుకునే విద్యుద్దర్శినులూ పట్టుకుని తానే లోపలికి వెళ్లారు. బయట గోడల నుంచి నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. లోపల దర్శిని రేకులు కదల్లేదు.